బావ షాపు కంప్యూటర్: బాగుచేద్దామా, మార్చేద్దామా – ప్రాజెక్టు డైరీ

శుక్రవారం రాత్రి – చేతిలో ఏముంది

కోర్ ఐ3 2120 ప్రాసెసర్, హెచ్61 బోర్డు, 4 జీబీ డీడీఆర్3 ర్యామ్ ఒకటే స్టిక్, 500 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10, ఊరూ పేరూ లేని 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (లోపలి పార్టులకి కరెంటు ఇచ్చే డబ్బా), పక్కన లేజర్‌జెట్ 1020 ప్రింటర్. ఖమ్మంలో మా బావ డీటీపీ షాపులో ఏళ్ల తరబడి పొద్దున్నుంచి రాత్రి దాకా నడుస్తున్న మెషీన్ ఇది. ఆ ప్రాసెసర్ ఇంటెల్ నుంచి వచ్చింది 2011లో. రెండు కోర్లు, నాలుగు థ్రెడ్లు.

బావ ఫిర్యాదు సింపుల్: "ఏరా, ఆన్ చేసి టీ తాగొచ్చినా ఇంకా తిరుగుతానే ఉంటది. కొత్తది కొనమంటే కొంటా, లేదు నువ్వేదైనా చేస్తానంటే చెయ్యి. దసరా ఫ్లెక్సీలు మొదలయ్యే లోపల తేల్చు."

టైమ్ మాత్రం భలే కుదిరింది. 2025 సెప్టెంబరు, వినాయక నిమజ్జనం అయిపోయింది, మహాలయ పక్షాలు నడుస్తున్నాయి కాబట్టి శుభలేఖల పని దాదాపు సున్నా, బతుకమ్మ, దసరా శుభాకాంక్షల ఫ్లెక్సీలకి ఇంకా కొంచెం గ్యాప్ ఉంది. ఏడాదిలో ఈ షాపు కంప్యూటర్‌ని రెండు రోజులు విప్పి బల్ల మీద పరచగలిగే సమయం ఇదొక్కటే. ఇంతకుముందు ఒక సర్వీస్ షాపుకి పట్టుకెళ్తే కవర్ కూడా తీయకుండా "ఇది డెడ్ అన్నా, కొత్తది తీస్కో" అన్నారట. వాళ్లన్నది తప్పని నేననట్లేదు, చూడకుండా ఎలా చెప్పారన్నదే నా ప్రశ్న.

శనివారం ఉదయం – కొలవడం

పాతది కాబట్టి స్లో అనేది జవాబు కాదు. ఏ పార్టు కోసం మిగతావన్నీ ఎదురుచూస్తున్నాయో తెలిస్తే సగం నిర్ణయం అయిపోయినట్టే. అందుకని కొనడం గురించి ఆలోచించే ముందు ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని కూర్చున్నా. బటన్ నొక్కిన దగ్గర్నుంచి పేజ్‌మేకర్ (బావ శుభలేఖలు చేసే సాఫ్ట్‌వేర్) ఐకాన్ మీద డబుల్ క్లిక్ చేస్తే అది స్పందించే స్థితికి రావడానికి 4 నిమిషాల 40 సెకన్లు. డెస్క్‌టాప్ కనబడటం వేరు, పని చేయగలగడం వేరు, రెండోదే లెక్క.

అది తిరుగుతున్నంతసేపూ టాస్క్ మేనేజర్ చూస్తూ ఉన్నా. సీపీయూ 20 శాతం అటూ ఇటూ. డిస్క్ 100%. ఆ 100% చూసి డిస్క్ తెగ పనిచేసేస్తోంది అనుకుంటాం కానీ కింద రీడ్ స్పీడ్ చూస్తే సెకనుకి 1.3 ఎంబీ. యావరేజ్ రెస్పాన్స్ టైమ్ కొన్నిసార్లు 2,000 మిల్లీసెకన్లు దాటుతోంది, అంటే ఒక చిన్న ముక్క అడిగితే డిస్క్ రెండు సెకన్ల తర్వాత ఇస్తోంది.

ఇది కొంతవరకు హార్డ్ డిస్క్ పుట్టుకలోనే ఉంది. 7200 ఆర్‌పీఎం డిస్క్ పళ్లెం ఒక చుట్టు తిరగడానికి 8.3 మిల్లీసెకన్లు పడుతుంది, కావాల్సిన చోటు హెడ్ కిందకి రావాలంటే సగటున అందులో సగం, హెడ్ అటూ ఇటూ జరగడానికి ఇంకో ఎనిమిదో తొమ్మిదో. అంటే చెల్లాచెదురుగా ఉన్న చిన్న ఫైళ్లు అడిగితే సెకనుకి వందలోపు మాత్రమే అందించగలదు. విండోస్ 10 లేస్తూనే వేల చిన్న ఫైళ్లు అడుగుతుంది, పైగా డిఫెండర్ స్కాన్, సెర్చ్ ఇండెక్సింగ్, అప్‌డేట్ అన్నీ అదే సమయంలో క్యూ కడతాయి. 4 జీబీ ర్యామ్‌లో 3.4 అప్పటికే నిండిపోయి ఉంది, ఇక మిగతాది పేజ్‌ఫైల్‌లోకి (ర్యామ్ చాలనప్పుడు విండోస్ డిస్క్‌లో వాడుకునే చోటు), అంటే మళ్లీ అదే డిస్క్ మీదికి. డిస్క్ స్లో అవడానికి ర్యామ్ కారణం, ర్యామ్ చాలకపోతే దెబ్బ డిస్క్‌కి. యూట్యూబ్‌లో చెప్పినట్టు విండోస్ వెనకాల నడిపే సిస్‌మెయిన్ ఆపేయడం, సెర్చ్ ఆపేయడం లాంటివి చేస్తే కాస్త తేలికపడుతుంది, ఒప్పుకుంటా, కానీ అది జ్వరానికి తడిగుడ్డ వేసినట్టు.

శనివారం మధ్యాహ్నం – అసలు టెన్షన్

డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో ఓపెన్ చేశా. పైన పసుపు రంగులో "కాషన్", అంటే జాగ్రత్త అని. సీ5 అనే వరుసలో, అంటే ప్రస్తుతం చదవలేక పెండింగ్‌లో పెట్టిన సెక్టార్ల (డిస్క్ మీద 512 బైట్ల చిన్న గడుల) సంఖ్య దగ్గర, 18 అని ఉంది. ఆ సాఫ్ట్‌వేర్ ముడి విలువల్ని మామూలుగా హెక్సాడెసిమల్‌లో (పదికి బదులు పదహారు లెక్కన రాసే సంఖ్యల్లో) చూపిస్తుంది కాబట్టి అది 18 కాదు, 24. సెట్టింగ్స్‌లో డెసిమల్‌కి మార్చుకుని చూడటం మంచిది, లేకపోతే ఒక్కోసారి చిన్న సంఖ్య చూసి పెద్ద ఊరట పొందుతాం.

24 సెక్టార్లంటే 12 కేబీ. మొత్తం 500 జీబీలో లెక్కలోకి రాదు. కానీ ఈ సంఖ్య సున్నా కానప్పుడు డిస్క్ చదవలేని చోట ఆగి మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది, ఆ రెండు సెకన్ల ఆలస్యాలు అక్కడివే. ఇక ఎప్పుడు పెరుగుతుందో ఎవరూ చెప్పలేరు.

"బావా, బ్యాకప్ ఉందా?" అనడిగా. "ఉంది" అని ఒక 32 జీబీ పెన్‌డ్రైవ్ చూపించాడు. అందులో అక్క పుట్టినరోజు ఫొటోలున్నాయి.

ఇక్కడితో ప్రశ్నే మారిపోయింది. కంప్యూటర్ ఉంచాలా మార్చాలా అన్నది తర్వాత, ముందు ఈ డిస్క్‌లో ఉన్నది బయటికి రావాలి. ఎందుకంటే ఈ షాపుకి అసలు ఆస్తి మెషీన్ కాదు, దాంట్లో ఉన్న పాత జాబుల, అంటే ఇదివరకు చేసిచ్చిన పనుల ఫోల్డర్లు. పెద్దమ్మాయి పెళ్లికి శుభలేఖ వేయించుకున్న వాళ్లు నాలుగేళ్ల తర్వాత చిన్నమ్మాయి పెళ్లికి వస్తే, బావ అదే ఫైల్ తీసి పేర్లు, ముహూర్తం, ఫంక్షన్ హాలు మార్చి పది నిమిషాల్లో ప్రూఫ్ ఇచ్చేస్తాడు. వాళ్ల తాతల పేర్లు, ఇంటి పేరు స్పెల్లింగ్, "మరియు బంధుమిత్రులు" కింద ఎవరెవరిని వేయాలో అన్నీ అందులోనే ఉంటాయి. గిరాకీ తిరిగి వచ్చేది అందుకే. నా లెక్క ప్రకారం కొనుగోలు గురించి మాట్లాడే ముందు ఎవరైనా చూసుకోవాల్సింది ఇదే.

శనివారం సాయంత్రం – విప్పితే

లోపల దుమ్ము చెప్పక్కర్లేదు, టోనర్ పొడి కూడా కలిసిందేమో నల్లగా ముద్దకట్టి సీపీయూ కూలర్ రెక్కల మధ్య అట్టలా ఉంది. బ్లోవర్ పెట్టేటప్పుడు ఫ్యాన్‌ని వేలితో ఆపి పట్టుకోవాలి, గాలికి అది పిచ్చిగా తిరిగితే బేరింగులు పోతాయి. కూలర్ ఊడదీసి ఎండిపోయిన పేస్ట్ గీకి కొత్తది రాశా. నాలుగు పుష్ పిన్నుల్లో ఒకటి సగమే దిగి ఉంది, ఎన్నేళ్లుగా అలా ఉందో.

బోర్డు మీద కెపాసిటర్లు బాగున్నాయి, ఒక్కటీ ఉబ్బలేదు. ఇది ముఖ్యం, ఇక్కడ తేడా ఉంటే నేను అక్కడికక్కడే ఆపేసేవాణ్ని. తేదీ, టైమ్ గుర్తుంచే సీఆర్2032 సెల్ మాత్రం పోయింది. రాత్రి షాపు మూసేటప్పుడు బావ మెయిన్ స్విచ్ ఆపేస్తాడు, పొద్దున్న తేదీ వెనక్కి వెళ్లిపోతుంది, తేదీ తప్పుంటే వెబ్‌సైట్ల సర్టిఫికెట్లు చెల్లవు కాబట్టి బ్రౌజర్ ఏ సైటూ తెరవదు. "నెట్ పొద్దున్న పూట రాదు" అని ఆయన ఇన్నాళ్లూ నెట్ కనెక్షన్ వాళ్లతో గొడవపడుతున్నది దీనికే. 30 రూపాయల సెల్.

ఎస్‌ఎంపీఎస్ పసుపు వైరు మీద మల్టీమీటర్ పెడితే లోడ్‌లో 11.5 వోల్టులు. నిబంధన ప్రకారం 11.4 దాకా పాసే, కానీ అంచున ఉంది. దాన్ని మాత్రం విప్పను, ప్లగ్ తీసేశాక కూడా లోపలి పెద్ద కెపాసిటర్లలో కరెంటు ఉంటుంది, మీరూ విప్పొద్దు. మార్చేయాల్సిన లిస్టులో రాసుకున్నా.

ఆదివారం – ఈ షాపు దేనికి కట్టుబడి ఉంది

కొత్తది కొనేస్తే పీడా పోతుంది కదా అనేవాళ్ల కోసం ఇది. బావ ప్రధాన పని పేజ్‌మేకర్ 7.0, అను ఫాంట్స్ అనే తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ మీద. పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో, దానికి యూనికోడ్ (ఇప్పటి కంప్యూటర్లు, ఫోన్లు తెలుగు రాసే పద్ధతి) తెలియదు. అను ఫాంట్స్‌లో కొట్టిన తెలుగు కంప్యూటర్ దృష్టిలో తెలుగే కాదు, ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చున్న తెలుగు బొమ్మలు. పేజ్‌మేకర్ తర్వాత వచ్చిన ఇన్‌డిజైన్‌కి వెళ్దామంటే పేజ్‌మేకర్ ఫైళ్లు తెరిచే చివరి వెర్షన్ సీఎస్6, ఇప్పటి వెర్షన్లు అసలు తెరవవు. కన్వర్టర్లు ఉన్నాయి, మార్చుకోవచ్చు, కానీ మార్చాక ప్రతి వత్తూ ప్రతి గుణింతమూ కూర్చుని దిద్దుకోవాలి, పైగా బావ చేతికి అలవాటైన యాపిల్ కీబోర్డ్ లేఅవుట్ వేళ్లలో ఉంది, తలలో లేదు. ఏ కీ ఎక్కడుందని అడిగితే చెప్పలేడు, కొట్టి చూపిస్తాడు.

విండోస్ తీసేసి లైనక్స్ మింట్ అనే ఉచిత సిస్టమ్ వేసేయ్ అని మా కొలీగ్ సలహా. ఇంట్లో కంప్యూటర్ అయితే నేనూ అదే చెప్తా, బ్రౌజింగ్‌కి, పిల్లల చదువుకి ఈ మెషీన్ మీద హాయిగా నడుస్తుంది. ఇక్కడ కుదరదు, పేజ్‌మేకర్, అను విండోస్ కోసం చేసినవి.

రెండో పని ఫ్లెక్సీలు, ఫొటోషాప్‌లో. దీనికి లెక్క వేసి చూశా. 10 అడుగులు ఇంటూ 6 అడుగుల ఫ్లెక్సీ, 72 డీపీఐలో (అంగుళానికి 72 చుక్కలు) పెట్టుకుంటే 8,640 ఇంటూ 5,184 పిక్సెళ్లు, అంటే దాదాపు 4 కోట్ల 48 లక్షలు. ఆర్‌జీబీలో (మూడు రంగుల పద్ధతి) ఒక నిండు లేయరుకే, అంటే ఒక బొమ్మ పొరకే 134 ఎంబీ, సీఎంవైకే (ప్రింటింగ్ నాలుగు రంగులు) అయితే 179. దసరా ఫ్లెక్సీలో పైన పెద్ద నాయకుడు, పక్కన చిన్న నాయకుడు, కింద వరసగా శుభాకాంక్షలు తెలిపేవాళ్ల తలకాయలు, వెనకాల అమ్మవారు, మెరుపులు – లేయర్లు పది దాటడం ఎంతసేపు, ఆపైన అండూ హిస్టరీ. 4 జీబీ ర్యామ్‌లో విండోస్ పోను మిగిలింది దానికి ఏ మూలకి? అంతా ఫొటోషాప్ తాత్కాలికంగా రాసుకునే స్క్రాచ్ డిస్క్ మీదికి, అంటే ఆ 24 సెక్టార్ల డిస్క్ మీదికే.

కాబట్టి పేజ్‌మేకర్‌కి ఈ ప్రాసెసర్ కావాల్సినదానికంటే ఎక్కువే. ఫొటోషాప్‌కి ర్యామ్ కావాలి. రెండింటికీ డిస్క్ కావాలి. ప్రాసెసర్ ఎక్కడా మొదటి అడ్డం కాదు.

సోమవారం – రేట్లు

పని మీద హైదరాబాద్ వెళ్లాల్సి ఉండి, అట్నుంచటే సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి వెళ్లా. చెనాయ్ ట్రేడ్ సెంటర్ అంటే ఎవరికీ తెలియదు, సీటీసీ అంటే ఆటోవాడు కూడా "ల్యాప్‌టాపా డెస్క్‌టాపా" అనడుగుతాడు.

ఆ రోజు నాకు చెప్పిన ధరలు: 12వ తరం ఐ3, హెచ్610 బోర్డు, 8 జీబీ, 512 జీబీ ఎన్‌వీఎంఈ (తిరిగే పళ్లెం లేని ఎస్‌ఎస్‌డీ డిస్కుల్లో వేగమైన రకం), క్యాబినెట్‌తో కలిపి కొత్తది 27 వేలు, మానిటర్ లేకుండా. కంపెనీల్లోంచి వచ్చిన రీఫర్బిష్డ్ డెస్క్‌టాప్, 8వ తరం ఐ5, 8 జీబీ, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ, 15,500. 8వ తరం దగ్గరే ఎందుకు అడిగానంటే విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ అధికారికంగా ఒప్పుకునే ఇంటెల్ ప్రాసెసర్లు దాదాపు అక్కణ్నుంచే మొదలవుతాయి, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ ఏర్పాటు కూడా ఉండాలి. "7వ తరం అన్నా, అదీ నడుస్తది, మేం 11 వేసి ఇస్తం" అని ఒక షాపులో అన్నారు. నడుస్తుంది, నిజమే. ఆ చెకింగ్‌ని దాటవేసి ఇన్‌స్టాల్ చేసే పద్ధతులున్నాయి. కానీ అలా వేసినవాటికి అప్‌డేట్లు వస్తాయన్న హామీ మైక్రోసాఫ్ట్ ఇవ్వదు. ఆ లెక్కన మూడు వేలు తక్కువకి 7వ తరం కొనడం కంటే పాతదే ఉంచుకోవడం మేలు, ఇది నా అభిప్రాయం.

ఇక బాగుచేసే దారి. ఖర్చుని రెండు సంచుల్లో వేశా. తర్వాత ఏ కొత్త మెషీన్ కొన్నా దాంట్లోకి పట్టుకెళ్లగలిగేవి ఒకటి: 512 జీబీ సాటా (ఈ పాత బోర్డులో ఉన్న రకం కనెక్షన్) ఎస్‌ఎస్‌డీ 2,900, కాస్త పేరున్న ఎస్‌ఎంపీఎస్ 2,100. ఈ బోర్డుతోపాటే పోయేవి ఇంకొకటి: సెకండ్‌హ్యాండ్ 8 జీబీ డీడీఆర్3 900, సెల్ 30, పేస్ట్ 150. మొత్తం 6,080, అందులో నిజంగా ఈ పాత మెషీన్ మీద "పెట్టేసినట్టు" అయ్యేది 1,080. బావకి ఇలా చెప్పేసరికి రెండో మాట లేకుండా ఫోన్‌పే కొట్టేశాడు.

ఎస్‌ఎస్‌డీ 480 కాకుండా 512 ఎందుకంటే పాత డిస్క్ 500. ఉన్నది ఉన్నట్టు కాపీ చేయాలంటే కొత్తది పాతదానికంటే ఒక్క సెక్టారు కూడా చిన్నది కాకూడదు, లేకపోతే పార్టిషన్లు కుదించుకుంటూ కూర్చోవాలి, పాడవుతున్న డిస్క్ మీద అలాంటి ప్రయోగాలు వద్దు. అమ్మేవాడు సెకనుకి 550 ఎంబీ అని చెప్పాడు. హెచ్61 బోర్డులో ఉన్నవన్నీ సాటా 2 పోర్టులే, 3 గిగాబిట్లు, కాబట్టి మనకి వచ్చేది 270 ప్రాంతంలో. పర్లేదు, మన రోగం స్పీడ్ కాదు, ఆ చిన్న ఫైళ్ల క్యూ.

ర్యామ్ దగ్గర జాగ్రత్త. ఒక షాపులో 8 జీబీ డీడీఆర్3 చవగ్గా ఇస్తుంటే తిప్పి చూశా, స్టిక్కర్ మీద చిన్నగా ఏఎండీ అని ఉంది. ఈ రకం డీడీఆర్3 స్టిక్కులు మార్కెట్లో చాలా ఉన్నాయి, ఏఎండీ బోర్డుల్లో మాత్రమే పనిచేస్తాయి, వాటి చిప్పుల అమరిక ఇంటెల్ కంట్రోలర్‌కి ఎక్కదు, పెడితే డిస్‌ప్లే రాదు. చూపు అందులోనే పడుతుంది ఎందుకంటే అవే చవక. "ఇంటెల్‌కి పనిచేయకపోతే వాపస్" అని బిల్లు మీద రాయించుకుని వేరే షాపులో తీసుకున్నా.

మంగళవారం రాత్రి – డిస్క్ నుంచి డిస్క్‌కి

విండోస్‌లోంచి క్లోన్ చేసే సాఫ్ట్‌వేర్లు చాలావరకు చదవలేని సెక్టారు తగలగానే చేతులెత్తేస్తాయి. అందుకే సిస్టమ్‌రెస్క్యూ అనే లైవ్ పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి, పాడవుతున్న డిస్కుల్లోంచి డేటా తీసే డీడీరెస్క్యూ వాడా. దీని పద్ధతి నాకు చాలా ఇష్టం. ముందు గబగబా బాగున్నవన్నీ ఎత్తుకుంటుంది, ఎక్కడ తట్టుకుంటే అక్కడ ఆగకుండా దాటేసి మ్యాప్ ఫైల్‌లో రాసుకుంటుంది, చివర్లో వెనక్కొచ్చి ఆ పాడైన చోట్లని కొంచెం కొంచెంగా గీకుతుంది. మధ్యలో కరెంటు పోయినా మ్యాప్ ఫైల్ పెన్‌డ్రైవ్‌లో ఉంటే ఆగిన దగ్గర్నుంచి మొదలవుతుంది.

కమాండ్ కొట్టేముందు మూలం ఏది, గమ్యం ఏది అన్నది డిస్కుల సీరియల్ నంబర్లు కాగితం మీద రాసుకుని, స్క్రీన్ మీద చూసి, బావని కూడా పైకి చదవమని సరిపోల్చా. అటుదిటు అయితే ఖాళీ డిస్క్ కాపీ అయి, ఫైళ్లున్న డిస్క్ మీద పడి అంతా చెరిపేస్తుంది. ఆయన సీరియల్ నంబరు ప్రూఫ్ చదివినట్టు ఒక్కో అక్షరం చదివాడు, వృత్తి అలవాటు.

రాత్రంతా నడిచింది. 24 సెక్టార్లలో 16 గీకగా గీకగా వచ్చేశాయి, 8 రాలేదు, అంటే 4 కేబీ. ఆ 4 కేబీ ఏ ఫైల్‌లో పడిందో తెలుసుకోవడానికి డీడీరెస్క్యూలోనే ఫిల్ మోడ్ ఉంది. కాపీ అయిన డిస్క్‌లో ఆ ఖాళీ చోట్ల మనం ఇచ్చిన గుర్తు మాటని రాస్తుంది, తర్వాత ఆ మాట ఏ ఫైల్‌లో ఉందో వెతికితే సరి. దొరికింది: డౌన్‌లోడ్స్‌లో ఎప్పటిదో ఎంపీ3 పాట. బావ అది పోయినందుకు కూడా కొంచెం బాధపడ్డాడు.

బుధవారం – పెట్టడం

కొత్త ఎస్‌ఎస్‌డీ నుంచి మొదటిసారే లేచింది. యాక్టివేషన్ కూడా అడగలేదు, విండోస్ 10 డిజిటల్ లైసెన్స్ ప్రధానంగా బోర్డుకి ముడిపడి ఉంటుంది, బోర్డు మారలేదు కదా. పేజ్‌మేకర్, అను, ప్రింటర్ డ్రైవర్, అన్నీ ఉన్న చోటే ఉన్నాయి. డిస్క్‌లో తప్పులు చూసే చెక్‌డిస్క్ ఒకసారి నడిపా.

బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు లేచే బోర్డు సెట్టింగుల్లోకి) వెళ్తే సాటా మోడ్ ఐడీఈ అనే పాత పద్ధతిలో ఉంది. దాన్ని ఎస్‌ఎస్‌డీకి సరిపడే ఏహెచ్‌సీఐకి నేరుగా మారిస్తే విండోస్ నీలం తెర చూపిస్తుంది. మందు తేలికే: ముందు విండోస్‌లో ఎంఎస్‌కాన్ఫిగ్ తెరిచి సేఫ్ బూట్ టిక్ పెట్టి రీస్టార్ట్, బయోస్‌లో ఏహెచ్‌సీఐకి మార్చడం, సేఫ్ మోడ్‌లో ఒకసారి లేవనివ్వడం, అక్కడ టిక్ తీసేసి మళ్లీ రీస్టార్ట్. సేఫ్ మోడ్‌లో విండోస్ తనకి కావాల్సిన డ్రైవర్ తనే పెట్టుకుంటుంది.

ర్యామ్: పాత 4 తీయకుండా పక్క స్లాట్‌లో 8 పెట్టా, మొత్తం 12. రెండు సైజులు వేరైనా ఇంటెల్ బోర్డు 8 జీబీ వరకు డ్యుయల్ చానెల్‌లో (రెండు స్టిక్కులనీ ఒకేసారి వాడే వేగమైన పద్ధతిలో), మిగిలిన 4 సింగిల్‌లో నడిపిస్తుంది, నష్టం లేదు. ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 ఒక పూర్తి రౌండ్ తిప్పాకే షాపుకి పంపా. పెళ్లి సీజన్లో ఫైల్ సేవ్ అవుతుండగా ర్యామ్ తప్పు చేస్తే ఎవరి పెళ్లి ముహూర్తం మారిపోతుందో.

గురువారం – మళ్లీ స్టాప్‌వాచ్

బటన్ నుంచి పనిలోకి: 35 సెకన్లు. పేజ్‌మేకర్ తెరుచుకోవడం 50 నుంచి 6 సెకన్లకి. పాత 10 ఇంటూ 6 ఫ్లెక్సీ ఫైల్ సేవ్ 6 నిమిషాల దగ్గర్నుంచి 2 లోపలికి. బ్లర్ లాంటి ఫిల్టర్లు వేస్తే మాత్రం ఇంకా ఆలోచిస్తుంది, ఇప్పుడు టాస్క్ మేనేజర్‌లో సీపీయూ 100%, డిస్క్ 3%. మొదటిసారి ఈ మెషీన్‌లో ప్రాసెసర్ అడ్డం అయింది.

దీంతో నాకు చెయ్యి దురద. ఇదే సాకెట్‌లో ఐ5 3470 కూర్చుంటుంది, నాలుగు నిజమైన కోర్లు, సెకండ్‌హ్యాండ్‌లో 1,500కి దొరుకుతుంది. అది మూడో తరం కాబట్టి ఈ బోర్డుకి ముందు బయోస్ అప్‌డేట్ చేయాలి, అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే బోర్డు పోయినట్టే, షాపులో యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. అయినా అది కూడా చేసేవాణ్నే. బావే ఆపాడు: "ఫ్లెక్సీలు నెలకెన్ని వస్తయిరా మనకి? పండగ లేనప్పుడు నాలుగైదు. దానికోసం బోర్డుతో ఆటలెందుకు?" కరెక్టే. పైగా ఆ 1,500 రెండో సంచిలోకి పోతుంది, బోర్డుతోపాటే పోయే డబ్బు.

కరెంటు బిల్లు ఆదా అవుతుందని కొత్తది కొనమనేవాళ్లూ ఉన్నారు. 30 వాట్ల తేడా, రోజుకి 10 గంటలు, ఏడాదికి 300 రోజులు వేసుకుంటే 90 యూనిట్లు. యూనిట్ పది రూపాయలనుకున్నా 900. దాన్ని చూసి 27 వేలు పెట్టేవాళ్లు ఉంటారా?

శనివారం – విండోస్ 10 సంగతి

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు ఆగిపోతాయని మైక్రోసాఫ్ట్ ముందే చెప్పింది, ఈ మెషీన్‌కి విండోస్ 11 అర్హత లేదు. ఈ షాపులో రోజంతా బయటివాళ్ల పెన్‌డ్రైవ్‌లు, వాట్సాప్ వెబ్‌లో తెలియని నంబర్ల నుంచి ఫొటోలు, కాబట్టి నిర్లక్ష్యం కుదరదు. 2026 అక్టోబరు 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు పొడిగించుకునే ఈఎస్‌యూ పథకం ఉంది, 22హెచ్2 వెర్షన్‌లో ఉండి, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే డబ్బు కట్టక్కర్లేదు. అప్‌డేట్ పేజీలో ఎన్రోల్ లింక్ కనిపించింది, చేసేశా. బ్యాంకు లావాదేవీలు మాత్రం దీంట్లో వద్దని బావకి చెప్పా, ఫోన్‌లోనే చేసుకుంటున్నాడు.

అంటే మేం కొన్నది ఒక ఏడాది పైచిలుకు టైమ్. వచ్చే ఏడాది ఆ గడువు లోపల 8వ తరమో ఆపైదో ఒకటి తీసుకుని ఫ్లెక్సీలు, నెట్ పని అందులోకి మార్చడం, ఈ పాతదాన్ని నెట్ కేబుల్ పీకేసి పేజ్‌మేకర్‌కి మాత్రమే ఉంచడం. ఎస్‌ఎస్‌డీ అప్పుడు ఎందులో ఉండాలో అప్పుడే చూసుకుంటాం. పాత హార్డ్ డిస్క్‌ని "పని చేయదు, వాడొద్దు" అని మార్కర్‌తో రాసి బీరువాలో పెట్టించా. బ్యాకప్‌కి వేరే 1 టీబీ ఎక్స్‌టర్నల్, శనివారం రాత్రి షాపు మూసేముందు పాత జాబుల ఫోల్డర్ అందులోకి కాపీ. మొదటి వారం నేనే ఫోన్ చేసి గుర్తుచేయాల్సి వచ్చింది.

ఆ తర్వాతి వారం – పక్క షాపు

విషయం తెలిసి పక్కనే ఉన్న జిరాక్స్ షాపాయన తన మెషీన్ పట్టుకొచ్చాడు, "తమ్ముడూ, నాది కూడా ఆరు వేలల్లో అయిపోతదా?" అని. విప్పితే జీ31 బోర్డు, పెంటియమ్ డ్యుయల్ కోర్, డీడీఆర్2 2 జీబీ. ఆ బోర్డుకి గరిష్ఠం 4 జీబీ, డీడీఆర్2 స్టిక్ కోసం వెతకడమే ఒక పని, ఆన్‌లైన్ అప్లికేషన్ల సైట్లు తెరిస్తే బ్రౌజర్ ఒక్కటే ఆ 4 జీబీని మింగేస్తుంది. విండోస్ 11 కొత్త వెర్షన్లు అడిగే ఎస్‌ఎస్‌ఈ4.2 అనే ప్రాసెసర్ ఆదేశాలు దాంట్లో లేవు కాబట్టి 24హెచ్2 వెర్షన్ నుంచి దొంగదారిలో వేసినా లేవదు. బోర్డు మీద మూడు కెపాసిటర్లు ఉబ్బి ఉన్నాయి. ఆయన పనంతా నెట్ మీదే, పేజ్‌మేకర్ లాంటి బంధం ఏమీ లేదు.

దీనికి ఒక్క రూపాయి కూడా పెట్టొద్దని చెప్పి, ఉన్న ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి తీసిచ్చి, రీఫర్బిష్డ్ షాపులో ఏమడగాలో కాగితం మీద రాసిచ్చా: 8వ తరం లేదా ఆపైన, టీపీఎం 2.0 ఆన్‌లో ఉందో లేదో చూపించమనాలి, ఎస్‌ఎస్‌డీ హెల్త్ శాతం క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో మన ముందే చూపించాలి, వారంటీ బిల్లు మీద రాయాలి, కీబోర్డ్ మౌస్ ఫ్రీ అంటే సంతోషించి మిగతావి మర్చిపోకూడదు.